ఎడ్లు ఎన్కకొచ్చే బాట

ఆ ఇంగ్లీషు మాట దగ్గర విమల ఇరవై నిమిషాలుగా ఆగిపోయి ఉంది.

హన్మకొండ సుబేదారిలో ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో ఆమె ఇరవై రెండేళ్లుగా అనువాదాలు చేస్తోంది. అఫిడవిట్లు, వీలునామాలు, పెళ్లి సర్టిఫికెట్లు, దవాఖానా కాగితాలు. తెలుగువి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషువి తెలుగులోకి. కాజీపేటలో రైల్వే గార్డు కూతురిగా పెరిగింది. ఆదివారం పొద్దున ఇంగ్లీషు ఆరాధన, ఆ తర్వాత తెలుగు ఆరాధన, రెండూ విన్నాకే ఇంటికొచ్చే కుటుంబం. ఒకే మాట రెండు భాషల్లో ఎలా పలుకుతుందో చూసుకోవడం చిన్నప్పటి నుంచీ ఆమెకు సరదా. "విమల మేడం చేసిందంటే మళ్లీ చూడక్కర్లేదు" అని చుట్టుపక్కల లాయర్లు అంటుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె పైకి పట్టించుకోనట్టు ఉండేది గాని, లోపల ఆ రోజంతా హాయిగా గడిచేది.

బల్ల మీద ఉన్నది నాలుగు పేజీల రిపోర్టు. రాసింది వెంకట్రాజం అనే సాయిల్ టెస్టింగ్ ఇంజనీరు. మిర్చి వ్యాపారి చంద్రమౌళి వర్ధన్నపేట దాటాక ఖమ్మం రోడ్డు పక్కన ఒక ఊళ్లో నాలుగెకరాలు కొని, కోల్డ్ స్టోరేజీ కట్టబోతున్నాడు. ఆ ఊరి ముసలమ్మ మొగిలమ్మ, ఆ భూమి కింద పూడిపోయిన పెద్ద బావి ఉందనీ, దాని మీద కడితే బిల్డింగు కుంగి, లోపల పనిచేసేవాళ్లు చచ్చిపోతారనీ చెప్పింది. చంద్రమౌళి కొట్టిపారేయకుండా వెంకట్రాజంతో భూమి పరీక్ష చేయించాడు. మూడు చోట్ల పన్నెండడుగుల గుంతలు తీశారు. ఎర్రమట్టి, మొరం తప్ప ఏమీ కనబడలేదు. చివరి పేరాలో వెంకట్రాజం ఇలా రాశాడు: మొగిలమ్మ చెప్పిన సంగతి డిస్‌క్రెడిటెడ్. ఆమె డిస్‌క్రెడిటెడ్ సాక్షి కాబట్టి ఇకమీదట ఆమె చెప్పేదాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

ఊరివాళ్లు తెలుగు కాపీ కావాలన్నారు. అందుకే ఆ కాగితం విమల దగ్గరికి వచ్చింది.

డిక్షనరీలో పరువు పోయిన, అపఖ్యాతి పొందిన అని ఉంది. అవేవీ ఇక్కడ అతకలేదు. పరువు తప్పిన పని ఏదీ ఆ ముసలమ్మ చేయలేదు. విశ్వసనీయత కోల్పోయిన అంటే అర్థం సరిపోతుంది గాని, అది విని మొగిలమ్మకు ఏం తెలుస్తుంది? ఇంగ్లీషులో ఈ మాట ఎక్కడెక్కడ వాడతారో విమల గుర్తుచేసుకుంది. ఒకప్పుడు అందరూ ఒప్పుకుని, తర్వాత తప్పని తేలిన సిద్ధాంతానికి వాడతారు. జనం వినడం మానేసిన నాయకుడికి వాడతారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో చిక్కుకుపోయిన సాక్షికి వాడతారు. అబద్ధం అన్న మాట కాదిది. ఇంతకుముందు నమ్మారు, ఇప్పుడు నమ్మడం లేదు అని చెప్పే మాట. మనిషి నోట్లోంచి మాట రాకముందే అది చెల్లదని తేల్చేసే మాట.

అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడైంది. ఆ ఊరి వార్డు మెంబరు మొండయ్య, వెనకే మొగిలమ్మ వచ్చారు. ఆమెకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. సన్నటి మనిషి. ఎడమ కంటికి ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకుంది.

"కాయితం అయిందా మేడం?" అన్నాడు మొండయ్య.

"ఒక్క మాట దగ్గర ఆగిన అన్నా. కూసోండి."

"ఏం మాట?"

విమల చెప్పింది. మొండయ్య మొహం విప్పారింది. "క్రెడిట్ అంటే పైసలు పడ్డట్టు గదా? ఫోన్ల మెసేజ్ వస్తది."

"గది వేరే. ఇక్కడ క్రెడిట్ అంటే నమ్మకం."

మొగిలమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి ముందుకు వంగింది. "నేను అబద్ధం చెప్పిన్నని రాసిన్రా బిడ్డా?"

"లేదవ్వా. అబద్ధం అనలే. నీ మాట మీద నమ్మకం పోయింది అని రాసిన్రు."

"ఎవలకు పోయింది?"

విమల కాగితం వైపు చూసింది. "గది రాయలే."

"పోయింది అంటానవు. దానంతటదే పోయిందా, ఎవలన్న తీసిన్రా?"

విమల డిక్షనరీ మూసింది. ఇరవై నిమిషాలు డిక్షనరీ తిరగేసినా తట్టని సంగతిని, బడి మొహం చూడని మనిషి ఒక్క ప్రశ్నతో ముందు పెట్టింది. డిస్‌క్రెడిటెడ్ అన్నది పండు రాలినట్టు రాలిపోవడం కాదు. ఎవరో చేస్తే అయ్యేది. ఆ చేసిన మనిషి మాత్రం మాటలో ఎక్కడా కనిపించడు.

"తీసిన్రవ్వా," అంది. "ఎవరో తీస్తేనే పోతది."

మొగిలమ్మ తలూపింది. "గట్ల చెప్పు. నాకు గదే సమజ్ కాలే ఇన్ని రోజులు."

మొండయ్య మెల్లగా చెప్పుకొచ్చాడు. ఊళ్లో ఎవరి గట్టు ఎక్కడిదాకా, ఎవరు ఏ వానాకాలంలో పుట్టారు, ఏ కుంట ఏ యేడు తెగింది, అన్నీ ఈ అవ్వనే అడిగేవారు. గట్టు పంచాయితీ వస్తే ఈమె పోయి చేత్తో చూపిస్తే ఇద్దరూ ఒప్పుకునేవారు. గుంతలు తీసి ఏమీ లేదన్న రోజు నుంచి ఎవరూ పిలవడం లేదు. "మొన్న గట్టు కాడ లొల్లి అయితే సర్వేయర్‌ను తెచ్చుకున్నరు మేడం. అవ్వ అక్కడ్నే ఉన్నది. ఒక్కలు గూడ అడగలే."

"నా మనుమరాలి పుట్టినదినం గూడ ఆధార్ కార్డుల చూస్తాన్రు," అంది మొగిలమ్మ. "దాన్ని నా చేతుల మీద తీసిన. కార్డుల తప్పు రాసి ఉన్నది."

విమల నవ్వబోయి ఆగింది. "అవ్వా, మరి వాళ్లు తవ్వినప్పుడు నువ్వు చూపియ్యలేదా?"

"నేను కంటి ఆపరేషనుకు దవాఖానల ఉంటి. వచ్చి చూస్తే బండ్లబాట కొసకు తవ్వి ఉన్నది. నేను బండ్లబాట అని ఎప్పుడు చెప్పిన? నేను చెప్పింది ఎడ్లు ఎన్కకొచ్చే బాట."

"అదే గదా అవ్వా. పొద్దుగూకినంక ఎడ్లు ఇంటికి తిరిగొచ్చే బాట."

మొగిలమ్మ నల్లద్దాలు తీసి ఆమెను తేరిపార చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమే. లేచి గది మధ్యలో నిలబడింది. రెండు చేతులూ నడుము ముందు పట్టుకుని, ముందుకు నాలుగడుగులు బరువు లాగుతున్నట్టు వేసింది. ఆ తర్వాత మొహం తిప్పకుండానే, అడుగు వెనక అడుగు వేస్తూ, బయల్దేరిన చోటికే వెనక్కి వచ్చింది.

"మోట కొట్టుడు సూడలేదా బిడ్డా? మోకు కట్టి ఎడ్లను దిగుడు బాట మీద తోలుతె బాయిలకెల్లి తోలుసంచి నిండ నీళ్లు పైకొస్తయ్. నీళ్లు కాలువల పడ్డంక, సంచి మల్ల కిందికి దిగాలె గదా? ఎడ్లు ఎన్క ఎన్కకే నడుసుకుంట బాయి కాడికి వస్తయ్. మొకం తిప్పి మర్రవు. ఎన్కకే వస్తయ్. గందుకే అది ఎడ్లు ఎన్కకొచ్చే బాట. ఆ బాట కొసకు బాయి ఉంటది."

విమల చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరిలో చంద్రమౌళి మనిషి ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చిన మొగిలమ్మ వాంగ్మూలాన్ని ఇంగ్లీషులోకి మార్చింది ఎవరో కాదు, తనే.

ఆ సంగతి ఆమె అప్పుడు చెప్పలేదు. "రేపు ఇస్తా అన్నా" అని మాత్రం అని, వాళ్లు వెళ్లాక కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిచింది. సాయంత్రం ఎడ్లు ఇంటికి తిరిగొచ్చే బండ్లబాట చివర బావి ఉంది అని రాసి ఉంది. శుభ్రమైన ఇంగ్లీషు వాక్యం. ఎక్కడా తడబాటు లేదు. సాయంత్రం, ఇంటికి, బండ్ల అనే మూడు మాటలూ మొగిలమ్మ నోటి నుంచి రానివి. తనకు అర్థం కాని చోట తనే పూడ్చి సాపు చేసింది. ముసలామె ఏదో తడబడుతోంది, నేను సరిచేశాను అని ఆ రోజు అనుకున్నట్టు కూడా గుర్తొచ్చింది. వెంకట్రాజం ఆ కాగితం పట్టుకుని, అందులో ఉన్న చోటే నిజాయితీగా తవ్వాడు.

ఆ సాయంత్రం కాజీపేట ఇంటికి వెళ్లాక కూడా ఆమెకు అదే ఆలోచన. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఇరవై రెండేళ్ల పేరు ఒక్కపూటలో పోతుంది. ఆ ఇంగ్లీషు మాట ఇప్పుడు తన ఇంటి గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నట్టు అనిపించింది. కాని నల్లద్దాల వెనక ఆ ముసలామె కళ్లు గుర్తొస్తే, చెప్పకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది.

తెల్లారి ఆమె షాపుకు పోలేదు. హన్మకొండలో ఖమ్మం బస్సెక్కి, వర్ధన్నపేట దాటాక దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లింది. మొగిలమ్మ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని ఎండుమిర్చికి తొడిమలు తీస్తోంది. ఘాటుకు విమలకు తుమ్ములొచ్చాయి. తుమ్ములాగాక, నేల మీదే కూర్చుని ఉన్నదంతా చెప్పింది.

"తప్పు నాది అవ్వా. నీ మాట పోయింది నాతోని."

మొగిలమ్మ చేతులు ఆగాయి. చేతిలోని మిరపకాయను రాశిలో వేసింది.

"నీకు మోట తెల్వదు," అంది. "తెల్వనిది తప్పు గాదు. అడుగకపోతివి సూడు, గదే తప్పు. ఒక్కమాట అడుగుతె నడిసి సూపిస్తుంటి."

"అవునవ్వా."

"నలుగుర్ల చెప్తవా?"

"చెప్పనీకే వచ్చిన."

మొగిలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "పా మరి. సేటు ఇయ్యాల సైటు కాడ్నే ఉన్నడట. ముగ్గు పోస్తాన్రు."

నిజంగానే ముగ్గు పోస్తున్నారు. నాలుగెకరాల చెలక చదునుగా ఉంది. పత్తికట్టె పీకేసి, దున్ని, చదును చేశారు. పునాది గీతలు తెల్లగా ఎండలో మెరుస్తున్నాయి. జేసీబీ ఒక మూల నిలబడి ఉంది. చంద్రమౌళి గొడుగు కింద ఫోన్ మాట్లాడుతున్నాడు. వెంకట్రాజం టేపుతో గీతలు కొలుస్తున్నాడు. మొండయ్యా, ఊరివాళ్లు పదిమందీ గట్టు మీద ఉన్నారు.

విమల అందరూ వినేలా చెప్పింది. బస్సులో వస్తూ పేర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఫిబ్రవరిల అవ్వ చెప్పింది నేనే ఇంగ్లీషుల రాసిన. తప్పు రాసిన. అవ్వ బండ్లబాట అనలే, ఎడ్లు ఎన్కకొచ్చే బాట అన్నది, అంటే మోటబాట. ఇంజనీర్ సార్ నా కాయితం సూసి తప్పు జాగల తవ్విండు."

చంద్రమౌళి ఫోన్ జేబులో పెట్టాడు. "రెండు నెలలాయె మేడం. సోమవారం కాంక్రీటు లారీలు వస్తయ్. నిన్నటిదాక అవ్వ మాట నమ్మరాదని కాయితం. ఇయ్యాల ఆ కాయితమే నమ్మరాదని మీరు. ఇప్పుడు మీ మాట ఎట్ల నమ్మాలె నేను?"

"నా మాట నమ్మకండి సార్," అంది విమల. "నమ్మమని అడిగే మొహం నాకు లేదు. అవ్వ ఎంబడి ఒక్కసారి నడువుండి. గంతే."

వెంకట్రాజం టేపు చుట్టేశాడు. ముక్కుసూటి మనిషి. మొహం గంటుపెట్టుకుని ఉంది గాని, అడుగులు మొగిలమ్మ వైపే పడ్డాయి. ఇన్నాళ్లలో ఎవరూ చేయని పని ఆయన అప్పుడు చేశాడు. ఆమెనే అడిగాడు.

"ఎక్కడుంటదవ్వా?"

"సూడబోతే నాకు గూడ కానత్తలేదు సారు. అంత సదరు చేసిన్రు. నన్ను జర నడువనియ్యిన్రి."

ఆమె చెప్పులు విప్పింది. తూర్పు గట్టు దగ్గరికి పోయి, ఉత్త పాదాలతో దుక్కిలో మెల్లగా అటూ ఇటూ తిరిగింది. ఒక్కో చోట ఆగి మడమతో నొక్కి చూసింది. తానెందుకు తిరుగుతోందో నడుస్తూనే చెప్పింది. చిన్నప్పుడు ఆమె తండ్రి ఇక్కడ పటేలుకు మోట కొట్టేవాడు. ఎడ్లు దిగుడులో పోతున్నప్పుడు మోకు మీద బరువుకు ఆమెను కూర్చోబెట్టేవాడు. ఆమె పెళ్లయి కాపురానికి పోయిన యేడు పటేలు కొడుకు ఆ బావిలో పడి చచ్చిపోయాడు. పటేలు ముప్పై బండ్లు పెట్టి నెల రోజులు మట్టి పోయించి బావి పూడ్చేశాడు. ఆ బావి పేరు ఎవరూ ఎత్తవద్దని ఊరందరితో ఒట్టు వేయించుకున్నాడు. ఆ కుటుంబం పట్నం పోయింది, భూమి మూడు చేతులు మారింది, ఒట్టు వేసినవాళ్లు పోయారు.

"దున్నితె మట్టి సదరు అయితది గని, దిగుడు పోదు. కాలుకు తెలుస్తది," అంది. "ఇగో, ఇక్కడ."

గట్టుకు పది అడుగుల ఇవతల ఆగింది. విమలకు అక్కడ ఏ పల్లమూ కనిపించలేదు. మొగిలమ్మ పడమటికి వీపు పెట్టి, మొహం తూర్పుకు తిప్పి నిలబడింది. కళ్లు మూసుకుంది. నాలుకను అంగిలికి తాకించి టక్ టక్ అని ఒక చప్పుడు చేసింది. ఎడ్లను వెనక్కి నడిపించే చప్పుడట అది. గట్టు మీద ఉన్నవాళ్లలో అది విన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ చప్పుడు చేసుకుంటూ ఆమె వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

దుక్కి పెళ్లల మీద, డెబ్బై అయిదేళ్ల మనిషి, కళ్లు మూసుకుని, వెనక్కి. పడుతుందేమోనని విమల రెండడుగులు ముందుకు వేసింది. మొండయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆమె ఎక్కడా తూలలేదు. ఒక్కో అడుగుకూ ముందు మడమ, తర్వాత పాదం. పోనుపోనూ ఆమె కొంచెం కొంచెంగా ఎత్తుకు వెళుతోందని విమల అప్పుడు గమనించింది. చదునుగా కనిపించే ఆ భూమిలో నిజంగానే సన్నటి ఏటవాలు ఉంది. టేపుకూ కంటికీ అందనిది ఆమె మడమలకు అందుతోంది. తెల్లటి ముగ్గు గీత ఆమె కాళ్ల కింద చెరిగింది.

గీత దాటిన ఏడో అడుగు దగ్గర ఆగింది. కళ్లు తెరిచింది గాని, వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎడ్లు ఇక్కడ ఆగుతయ్," అంది. "నా ఎన్క బాయి ఉన్నది. జర పైలం."

ఆమె వెనక ఎర్రటి దుక్కి తప్ప ఏమీ లేదు. అయినా అటువైపు నిలబడి ఉన్న నలుగురు గబుక్కున పక్కకు తప్పుకున్నారు.

చంద్రమౌళి జేసీబీకి సైగ చేశాడు. ఆరడుగులు తవ్వేదాకా ఎర్రమట్టే వచ్చింది. గట్టు మీద ఎవరో దగ్గారు. విమల కళ్లు నేల మీదే పెట్టుకుంది. ఇంకో రెండు బకెట్లు ఎత్తాక వెంకట్రాజం చెయ్యెత్తి ఆపమని అరిచాడు. గుంతలోకి దిగి మట్టి పిడికిలిలోకి తీసుకుని నలిపాడు. అందులో బొగ్గు, కుండ పెంకులు, నల్లరేగడి, ఎర్రమట్టి కలగలిసి ఉన్నాయి.

"ఇది పుట్టిన మన్ను గాదు," అన్నాడు. "పోసిన మన్ను."

తొమ్మిదో అడుగులో ఇనుము రాతికి తగిలింది. కీచుమని చప్పుడైంది. మిషన్ ఆపి, నలుగురు పారలతో దిగి మట్టి లాగేశారు. పక్కకు ఒరిగిన ఒక నల్లరాతి దిమ్మె కనిపించింది. దాని అంచున వేలు పట్టేంత లోతు గాడులు నాలుగు. వెంకట్రాజం వాటిలో వేలు పెట్టి చూశాడు. గాజులా నునుపుగా ఉన్నాయి.

"మోకు రాసుకుని అరిగింది," అంది మొగిలమ్మ పైనుంచి. "మా నాయిన మోకు. అంతకుముందు వాళ్ల నాయినది."

తాడు రాతిని అంత లోతుగా కోయాలంటే ఎన్నివేల సార్లు ఎడ్లు దిగి, వెనక్కి వచ్చి ఉండాలి? విమల తలలో ఆ లెక్క తెగలేదు. వెంకట్రాజం తలమీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రే చంద్రమౌళి లారీలను వద్దన్నాడు. ఆయనకు బాధ లేకపోలేదు. "సగం ప్లాను పోయింది" అని రెండుమూడు సార్లు గొణిగాడు. కాని వెంకట్రాజం కాగితం మీద గీసి చూపించాక ఒప్పుకున్నాడు. పదకొండు పిల్లర్లు ఆ పోసిన మట్టి మీదే వచ్చేవి. వేల బస్తాల మిర్చి బరువు పడ్డాక, ఏదో ఒక వానాకాలంలో ఆ మూల మొత్తం దిగిపోయేది. కోల్డ్ స్టోరేజీని పడమటి వైపుకు జరుపుకుని, బావిని తవ్వించడానికి ఆయనే కూలీలను పెట్టాడు.

పందొమ్మిది రోజులు పట్టింది. విమల మూడుసార్లు వెళ్లి చూసింది. మొదటిసారి పోయేసరికి పన్నెండు మెట్లు బయటపడ్డాయి. సున్నం లేకుండా, రాయి మీద రాయి పేర్చిన మెట్లు. సందులో బ్లేడు కూడా దూరలేదని మొండయ్య చూపించాడు. మొగిలమ్మ పై మెట్టు మీద కూర్చుని కూలీలకు చెబుతోంది.

"ఇంక కిందికి పోతె ఎడమ దిక్కు గోడకు రాతి చేప ఉంటది. మా అన్న మునిగి దాన్ని ముట్టుకొచ్చెటోడు. పైలంగ తవ్వున్రి, దాని తోక ఇరుగుతది."

వెంకట్రాజం ఆ మాటను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, తేదీతో సహా. ఈసారి ఆయన తెలుగులోనే రాశాడు, ఆమె అన్నది అన్నట్టే.

పదిహేనో రోజున ఫోన్ చేశాడు. "మేడం, చేప ఎల్లింది." అంతే, ఫోన్ పెట్టేశాడు.

విమల పరుగున పోయింది. ముప్పై ఎనిమిది మెట్ల కింద, ఎడమ గోడలో, మోచేతి పొడుగు చేప. పొలుసు పొలుసూ చెక్కి ఉంది. తోక ముక్క కూడా విరగలేదు. అరవై ఏళ్లు చీకట్లో, మట్టిలో, ఎవరూ చూడకుండా ఉంది. ఈ భూమి మీద ఒక్క మనిషి తలలో తప్ప ఇంకెక్కడా దానికి ఆనవాలు లేదు. ఆ మనిషినే నమ్మరాదని తాము అచ్చువేసి సంతకాలు పెట్టారు. విమల చేప మీద చెయ్యి పెట్టింది. రాయి చల్లగా, తడిగా ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది. పైన ఊరంతా మెట్ల మీద వరసగా నిలబడి ఉంది.

వెంకట్రాజం కొత్త రిపోర్టు రాశాడు. పాత రిపోర్టులో తప్పెక్కడిదో చెప్పాలి కదా, ఏమని రాయమంటారని విమలను అడిగాడు. అనువాదకురాలు సాక్షి మాటను అడిగి తెలుసుకోకుండా మార్చింది, సాక్షి మొదటి నుంచీ ఒకే మాట చెప్పింది అని రాయమంది. కింద తన పేరు, సంతకం పెట్టింది. ఆ కాగితం కాపీ సుబేదారిలో ఎలా తిరిగిందో గాని, నెల తిరగకుండా ఇద్దరు లాయర్లు ఆమెకు పని ఇవ్వడం మానేశారు. ఇచ్చేవాళ్లు కూడా ఇప్పుడు ప్రతి పేజీ చదివి చూసుకుంటున్నారు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత, అలా చదవడమే మంచిదనిపించింది.

జూన్ మొదటివారంలో పురావస్తు శాఖ నుంచి సౌమ్య అనే అమ్మాయి వచ్చింది. చేతిలో కెమెరా, కొలతల పుస్తకం. మొగిలమ్మ మాటలు ఇంగ్లీషులో రాసుకోవడానికి సాయం కావాలంటే, చంద్రమౌళే విమలకు ఫోన్ చేసి పిలిపించాడు.

ఊళ్లో ఇప్పుడు గాలి తిరిగింది. మొగిలమ్మ ఏమన్నా అంతా తలూపుతున్నారు. ఎవరో ఆమెకు కుర్చీ తెచ్చి వేశారు.

"ఈ బావి ఎవరు తవ్వించారమ్మా?" అని అడిగింది సౌమ్య.

"రాజుల కాలందే అయి ఉంటది," అన్నాడు వెనక నుంచి ఒకతను. "చెప్పవ్వా, రాణి తవ్విచ్చిందని చెప్పు." ఇంకొందరు అవునవునన్నారు. ఆ క్షణంలో ఆమె ఏ పేరు చెప్పినా నమ్మడానికి ఊరు సిద్ధంగా ఉంది. రాసుకోవడానికి సౌమ్య పెన్నూ సిద్ధంగా ఉంది.

మొగిలమ్మ బావిలోకి చూసింది. తాపీగా తల అడ్డంగా ఊపింది.

"తెల్వది బిడ్డా."

"మీ నాన్న గారు ఏమైనా చెప్పేవారా?"

"మా నాయినకు గూడ తెల్వది. ఆయన పుట్టేసరికే ఉన్నదట."

గట్టు మీదివాళ్లు కొంచెం నిరుత్సాహపడ్డారు. విమల రాయబోయి ఆగి, ముసలామె వైపు వంగింది. "అవ్వా, తెల్వది అంటే ఎవరూ చెప్పలేదనా, చెప్తే యాదికి లేదనా?"

మొగిలమ్మ బోసినోటితో నవ్వింది. "ఎవలూ చెప్పలే. చెప్తే మర్చిపోతనా?"

సౌమ్య కూడా నవ్వేసింది. ఆ మాటను విమల ఇంగ్లీషులో పెట్టి, పైకి చదివి, మళ్లీ తెలుగులో చెప్పింది. మొగిలమ్మ విని సరేనన్నాక పుస్తకంలోకి ఎక్కించారు.

తర్వాత సౌమ్య కొలతలు తీసుకుంటుంటే విమల ఒక్కతే మెట్లు దిగి వెళ్లింది. రెండు వానలు పడ్డాయి. గోడల సందుల నుంచి సన్నగా ఊట దిగుతోంది. అడుగున నీళ్లు చేరుతున్నాయి. రాతి చేప కింది సగం అప్పటికే మునిగింది. పైన ఎవరో మాట్లాడుతున్నారు గాని, అంత లోతులో ఆ మాటలు వినిపించలేదు. నీటిబొట్టు పడే చప్పుడొక్కటే ఉంది. ఆమె చెప్పులు పై మెట్టు మీద విడిచి, నీళ్లకు ఆనుకుని ఉన్న మెట్టు మీద నిలబడింది. నీళ్లు వచ్చి ఆమె కాలివేళ్లను తాకాయి.